కుట్టుమిషను అడుగు

మీకు నమస్కారాలు. ఇక్కడ అత్తయ్య, నేను ఇద్దరం క్షేమం. ఈ 'క్షేమం' అనే మాటను ముందు ఒక చిత్తుకాగితం మీద ఆరుసార్లు రాసి, అత్తయ్యకు చూపించి, ఆవిడ సరే అన్నాకే ఇక్కడ ఎక్కించాను. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది. మీ ఓడ ఏ రేవులో ఆగినా మీరూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

మీ ఉత్తరం పోయిన వారం అందింది. పరీక్ష పాసయ్యారన్న ముక్క చదవగానే అత్తయ్య "మళ్ళీ చదువు" అంది. చదివాను. "ఇంకోసారి" అంది. మూడోసారి నేను నోరు తెరవకముందే ఆవిడే అప్పజెప్పేసింది. తర్వాత కిటికీలోంచి కింద సైకిల్ షాపు ఆయన్ని కేకేసింది.

"ఏమయ్యా, మా వాడు ఓడ ఇంజనీరయ్యాడు. ఇక నీ గాలి పంపు బాగుచేయమని వాణ్ణి అడక్కు."

"అంత ఓడ నడిపేవాడికి నా పంపు ఒక లెక్కా పెద్దమ్మా? వచ్చాక ఎలాగూ అడుగుతాను" అన్నాడాయన.

అత్తయ్య ఆ రోజంతా అదే తలచుకుని నవ్వుకుంది.

మీరు అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. వంటింటి కిటికీ కారడం ఆగింది. మీరు చెప్పినట్టే రబ్బరు ముక్క కోసి బిగించాను. నా కళ్ళజోడు మార్చాను. మందులు వేళకు తీసుకుంటున్నారా అని ఎప్పట్లాగే అడిగారు. అత్తయ్య వేసుకుంటోంది, నేను పక్కన నిలబడి చూస్తున్నాను. "నువ్వు ఎవరితోనైనా మాట్లాడుతున్నావా, లేక ఇంకా గోడలతోనేనా?" అని అడిగారు. దానికి జవాబు ఈ ఉత్తరమంతా. అమ్మ చేతిరాత గురించి మీరు అడిగిన ప్రశ్న ఒకటుంది. అది మర్చిపోలేదు. దాని జోలికి పోవడానికి కాస్త ధైర్యం కావాలి, అందుకని ఆఖరున పెట్టుకున్నాను.

ఇప్పుడు మీరు ఎక్కడైనా కూర్చోండి. భయపడాల్సింది ఏమీ లేదు. భయపడాల్సిన రోజులు గడిచాకే రాస్తున్నాను.

మీరు ఓడెక్కిన ఐదో నెలలో అత్తయ్య కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. సూదిలో ఒక్కసారికే దారం ఎక్కించే మనిషి, మూడుసార్లు ప్రయత్నించి "ఈ మధ్య దారాలు నాసిగా వస్తున్నాయి" అనేది. నేను దారం మార్చాను, సూది మార్చాను, దీపం దగ్గరకు జరిపాను. తర్వాత కాళ్ళు. గదిలో బాగానే నడిచేది. గడప దగ్గరకు రాగానే రెండు పాదాలూ నేలకు కుట్టేసినట్టు ఆగిపోయేవి. నడుం పైన ఒళ్ళు ముందుకు వెళ్దామంటుంది, కాళ్ళు రామంటాయి. డాక్టరుగారు చూసి అది నరాల జబ్బన్నారు. పూర్తిగా పోయేది కాదు, మందులతో సంబాళించుకోవాలి, మనిషిని కూర్చోబెట్టేయొద్దు, నడిపించండి అన్నారు. ఎలా నడిపించాలో అడుగుదామనుకున్నాను. నా సంగతి మీకు తెలుసు కదా, మాట గొంతు దాకా వచ్చేసరికి ఆయన తర్వాతి మనిషిని పిలిచేశారు.

ఏడో నెలలో స్నానాలగది గడప దగ్గర అత్తయ్య పడింది. మణికట్టు విరిగింది. కట్టు వేయించుకుని ఇంటికి రాగానే ఆవిడ చెప్పిన మొదటి మాట ఇది: "వాడికి ఒక్క ముక్క రాశావో, ఈ జన్మలో నీ చేతికి కత్తెర ఇవ్వను. సముద్రం మీద రోజులు నిండితే గానీ వాణ్ణి పరీక్షకు కూర్చోనివ్వరు. నాకోసం మధ్యలో దిగొచ్చాడంటే నేను లేచి నడిచినా నాకు సుఖం లేదు."

నేను తలూపాను. ఒక పక్క మీరు, ఒక పక్క ఆవిడ. మీకు చెప్పకపోవడం తప్పని ప్రతిరోజూ అనుకున్నాను. చెప్పడం కూడా తప్పేనని ప్రతిరోజూ అనుకున్నాను.

మిషను మీద గుడ్డ కప్పేశాం. అత్తయ్య కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని నాకు పని చెప్పేది, నేను చేత్తోనే కుట్టేదాన్ని. మన ప్రెస్సు వీధి చివర మేడమీద నాట్యం బడి ఉంది కదా, వాళ్ళ బట్టలు ఎప్పటినుంచో అత్తయ్యే కుట్టేది. ఇప్పుడు అవి నేను కుట్టి తీసుకెళ్ళి, గుమ్మం పక్క బల్లమీద పెట్టి, ఎవరూ పలకరించకముందే మెట్లు దిగి వచ్చేసేదాన్ని. ఆ బడిలో వాళ్ళు నాకు పెట్టిన పేరు గుసగుసమ్మ. నేను వినాలని అన్నది కాదులెండి, కానీ విన్నాను.

పడ్డాక ఆవిణ్ణి ఒంటరిగా వదలడానికి భయమేసి, ఒకరోజు నాతో కూడా తీసుకెళ్ళాను. మెట్లు బాగానే ఎక్కింది. మెట్లెప్పుడూ ఆవిడకు కష్టం కావు, అదో చిత్రం. హాలు గుమ్మం దగ్గర మాత్రం ఆగిపోయింది. వెనక నాట్యం నేర్చుకునే అమ్మాయిలు పదిమంది. అందరూ మా వెనక ఒకరినొకరు ఆనుకుని నిలబడిపోయారు. నాకు సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. అత్తయ్య చెయ్యి పట్టుకుని లాగాను. ఆవిడ ఇంకా బిగుసుకుపోయింది.

లోపలినుంచి డాన్సు టీచరమ్మ గొంతు వచ్చింది. "ఎవరది తలుపుకి అడ్డం? బీరువా తెచ్చారా?"

"బీరువా కాదు, నేను. నీ బట్టలు కుట్టే ఆవిణ్ణి" అంది అత్తయ్య.

టీచరమ్మకు అరవై దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా, కొలత టేపులా ఉంటుంది. వచ్చి ఒక్క చూపు చూసి నా చేతి మీద చిన్నగా కొట్టింది. "లాగకు. ఆవిడేమన్నా తోపుడుబండా? మా నాన్నకీ ఇదే జబ్బు. లాగిన కొద్దీ ఆ కాళ్ళు ఇంకా మొండికేస్తాయి." తర్వాత అత్తయ్యతో, "కుట్టినన్నాళ్ళూ ఈ కాళ్ళతో ఏం చేశారు?" అంది.

"ముప్పై ఒక్క ఏళ్ళు మిషను తొక్కాను."

"ఏదీ, తొక్కండి."

ఒక అమ్మాయి కుర్చీ తెచ్చి గుమ్మం దగ్గరే వేసింది. అత్తయ్య కూర్చుంది. కుడికాలు కాస్త ముందు, ఎడమకాలు కాస్త వెనక. మునివేళ్ళు, మడమ. మునివేళ్ళు, మడమ. కాళ్ళకింద పెడలు లేదు, అయినా ఉన్నట్టే. ఆ వణికే చేతులు ఒళ్ళో ఉన్నాయి గానీ పాదాలు మాత్రం ఎంత నిదానంగా, ఎంత సమంగా కదిలాయో! నాలుగు నెలలుగా నేను చూడని అత్తయ్య ఆ పాదాల్లో కనిపించింది. మూల కూర్చున్న డోలు తాతగారు ఆ పాదాలనే చూస్తూ వేళ్ళతో మెల్లగా అదే దరువు అందుకున్నారు.

"పదేళ్ళుగా నేర్చుకుంటున్న మీ పాదాలకి ఈ నిలకడ ఉందా?" అని టీచరమ్మ అమ్మాయిలను దులిపేసింది. తర్వాత, "ఆపకుండా లేవండి. అదే తొక్కుడు, నిలబడి" అంది.

అత్తయ్య లేచింది. డోలు మోగుతూనే ఉంది. మునివేళ్ళు, మడమ. ఎప్పుడు దాటిందో నేను చూడనేలేదు. తలెత్తేసరికి గడపకు అవతల ఉంది, వెనక్కి తిరిగి గడపను అనుమానంగా చూస్తోంది, తనను మోసం చేసి పక్కకి జరిగిందేమో అన్నట్టు.

టీచరమ్మ వెంటనే ఒక మాట చెప్పింది. అది మీకూ రాయాలి. "ఇది మందు కాదు. డాక్టరిచ్చిన మందులు ఆపారంటే నా గుమ్మం ఎక్కనివ్వను. ఆ కాళ్ళకు తెలిసిన మాట ఒకటి గుర్తుచేశాం, అంతే."

అప్పటినుంచి వారానికి రెండు సాయంత్రాలు వెళ్ళాం. అలాంటి కాళ్ళవాళ్ళు ఇంకో ఐదుగురు చేరారు. రిటైరైన పోస్టుమాన్ ఒకాయన, అన్నదమ్ములు ఇద్దరు, బేకరీ ఆవిడ, లెక్కల మాస్టారు. పోస్టుమాన్‌కి సైకిల్ తొక్కుడు, బేకరీ ఆవిడకి పిండి పిసుకుడు. ఎవరి పని వాళ్ళ కాళ్ళకీ చేతులకీ అడుగుగా మార్చింది టీచరమ్మ. నాట్యమంటే గజ్జెలూ అలంకరణా అనుకునేదాన్ని నేను. పని చేసిన ఒళ్ళు పనిని తలచుకోవడం కూడా నాట్యమేనని అక్కడే చూశాను.

కానీ ఇంట్లో డోలు లేదు కదా. దరువు నేను నోటితో చెప్పాలి. నా నోటినుంచి వచ్చేవి మిషను మాటలే. నడవాలంటే "తొక్కు, తొక్కు". పక్కకి మళ్ళాలంటే "మడత తిప్పు". ఆగాలంటే "దారం తెంపు". చెవి దగ్గర మెల్లగా చెబితే చాలు, అత్తయ్య వంటింటి గడప, స్నానాలగది గడప దాటేసేది. సైకిల్ షాపు ఆయన ఒకరోజు అడిగాడు, "పెద్దమ్మా, మీ ఇంట్లో పొద్దస్తమానం తొక్కు తొక్కు అంటారు, మిషను చప్పుడు మాత్రం రాదేం?" అత్తయ్య, "నన్నే మిషను చేసింది నా కోడలు" అంది.

ఏడాదికోసారి ఆ బడివాళ్ళు పెద్ద హాలు తీసుకుని ప్రదర్శన పెడతారు. ఈసారి మా ఆరుగురి నాట్యం కూడా ఉంటుందని టీచరమ్మ చెప్పింది. అత్తయ్య ముందు నడవాలి, నేను పక్కనే ఉండి మాట చెప్పాలి. నేను చేయలేనన్నాను. ఆవిడకు వినబడలేదు. మళ్ళీ అన్నాను. "ఏంటీ?" అంది. మూడోసారి అనే ఓపిక లేక ఒప్పుకున్నట్టయింది.

బట్టలు నేనే కుట్టాను. అత్తయ్య తన బట్ట అంచు రెండుసార్లు విప్పించింది. "నడక వంకరగా ఉన్నా పర్లేదే, కుట్టు వంకరగా ఉంటే జనం నా పేరు చెప్పుకుంటారు."

ఆ రోజు హాల్లో మూడువందలమంది. వేదికకు అటూ ఇటూ రెండు తలుపులు. ఎడమ తలుపులోంచి లోపలికి వెళ్ళి, మధ్యలో సుద్దతో గీసిన గీత దగ్గర ఆగి, మడత తిప్పి, చేతులెత్తాలి. మిగతా ఐదుగురూ మా వెనక. డోలు మాత్రం దూరంగా జనంవైపు పెట్టారు. తెరల వెనకకు ఆ చప్పుడు మూట కట్టినట్టు వస్తోంది.

అత్తయ్య గడప దగ్గర ఆగిపోయింది.

నేను చెవిలో "తొక్కు, తొక్కు" అన్నాను. కదల్లేదు. ఆవిడ మెడమీద చెమట. మణికట్టు విరిగి అతికిన చెయ్యి నా చేతిని గట్టిగా పట్టుకుంది. ఇక్కడ మళ్ళీ పడితే ఈ మనిషి ఇంకెప్పుడూ ఇల్లు దాటదని నాకు తెలుసు. లాగాలనిపించింది. లాగలేదు. మళ్ళీ చెప్పాను. వెనకనుంచి పోస్టుమాన్ "ఏమైంది, సిగ్నల్ పడలేదా?" అంటున్నాడు.

అత్తయ్య తల తిప్పకుండానే అంది: "గట్టిగా చెప్పవే. ఇవాళ నా కాళ్ళకి చెవుడు."

ఏమండీ, అప్పుడు నేను అరిచాను. "తొక్కు!" అని. అది నా గొంతేనని ముందు నాకే తెలియలేదు. పెళ్ళిలో మీ పేరు చెప్పమంటే ఏడ్చినదాన్ని కదా నేను. జనంలో ఎవరో పకపకా నవ్వారు. నవ్వితే నవ్వనీ అని ఇంకోటి అరిచాను. "తొక్కు! తొక్కు!" డోలు తాతగారు తన దరువు వదిలేసి నా గొంతుకు సరిపోయేలా అందుకున్నారు. ఇన్నాళ్ళూ నేను ఆయన దరువు వెనక నడిచాను, ఆ ఒక్కసారి ఆయన నా వెనక వచ్చారు.

అత్తయ్య కదిలింది. మునివేళ్ళు, మడమ. గడప దాటింది. వేదికమీద వెలుతురు కళ్ళలో కొట్టింది. నేను "తొక్కు తొక్కు" అంటూనే ఉన్నాను. ఆవిడ నడుస్తూనే ఉంది. సుద్దగీత వచ్చింది. అక్కడ "దారం తెంపు" అనాలి. ఆ మాట నా తలలోంచి ఎగిరిపోయింది! ఎంత వెతికినా "తొక్కు" తప్ప ఇంకేమీ దొరకలేదు. అత్తయ్య గీత దాటింది, వేదిక దాటింది, కుడివైపు తలుపు గడప కూడా దాటేసి, నడవలోకి వెళ్ళి, మడత కుర్చీలు పేర్చిన గోడ ఎదురైతే ఆగింది.

"ఏమే," అంది ఆయాసపడుతూ, "ఇవాళ తానంతా ఒకే కుట్టులో లాగించేద్దామనుకున్నావా? దారం తెంపవేం?"

అప్పుడు ఇద్దరం వెనక్కి తిరిగి చూశాం. మా వెనక ఉన్నది ఒక గడప కాదు, రెండు. రెండోదాన్ని మేం చూడను కూడా చూడలేదు.  అత్తయ్య గోడకు చెయ్యి ఆనించి నవ్వడం మొదలుపెట్టింది. నేను నవ్వుతూ ఏడ్చాను, ఏడుస్తూ నవ్వాను, ఏది ఏదో తెలియలేదు.

టీచరమ్మ పరిగెత్తుకొచ్చింది. "నాట్యం లోపలమ్మా, వరండాలో కాదు! ఐదుగురూ అక్కడ దిక్కులు చూస్తున్నారు, రండి!" మళ్ళీ వెళ్ళాం. ఆ కుడి గడపనే వెనక్కి దాటాం, దాంతో మూడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అదంతా ముందే అనుకుని చేశారని వాళ్ళ నమ్మకం.

ఇక మీ ప్రశ్న.

ప్రతి ఉత్తరం కిందా అత్తయ్య తన చేత్తో రెండు వరసలు రాసేది. "బాబూ, నేను క్షేమం. వేళకు తిను." మణికట్టు విరిగాక రాయలేకపోయింది. కట్టు విప్పాక కూడా అక్షరాలు చీమల్లా చిన్నవైపోయేవి, చూసి విసుక్కుని కాగితం పక్కన పడేసేది. ఆ రెండు వరసలూ లేకపోతే మీకు అనుమానం వస్తుందని నేనే రాశాను. ఒకటి కాదు, నాలుగు ఉత్తరాల్లో. అత్తయ్యకు కూడా చెప్పలేదు. ఆవిడ కొలతల పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కో అక్షరం చూసి దించాను. ఆ పుస్తకంలో భుజం ఉంది, నడుము ఉంది, మెడ ఉంది, పొడవు ఉంది. క్షేమం మాత్రం ఎక్కడా లేదు. ఎవరి కొలతల్లోనూ దాని అవసరం రాలేదు. నేను చదివింది మూడో తరగతి దాకా. చెవికి వినబడినట్టు 'షేమం' అని రాసేశాను.

పోయిన వారం మీ ఉత్తరం పైకి చదువుతున్నాను. "అక్షరాలు అమ్మవే. కానీ అమ్మ ఎప్పటినుంచి షేమం అని రాస్తోంది?" అన్నచోట నా నోరు ఆగిపోయింది.

"ఏమే, ఊపిరి పీల్చడం కూడా మానేశావు. ఏం రాశాడు?" అంది అత్తయ్య.

చెప్పాను. అంతా చెప్పాను. ఆవిడ నా చెవి పట్టుకుని మెలిపెట్టింది. తర్వాత అంది, "దొంగపిల్లా! అబద్ధం రాస్తే రాశావు, తప్పుల్లేకుండా రాసి ఏడవచ్చు కదే?" అలా అంటూనే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, వణికే చేత్తో నా చెయ్యి పట్టుకుని 'క్ష' దిద్దించింది. "ఇక్కడ మెలిక. సూది కింద గుడ్డ తిప్పినట్టు తిప్పు" అని. అందుకే ఈ ఉత్తరం మొదట్లో ఆ మాట సరిగ్గా ఉంది. అది ఆవిడ చెయ్యీ నాదీ కలిసి రాసింది.

మీరు నా మీద కోప్పడాలి. ఎంత కోపమొస్తే అంత రాయండి, నేను పైకే చదువుకుంటాను. కానీ మీకు ఒక మాట చెప్పుకోవాలి. ఒక్క అక్షరం తప్పుపోతే పట్టుకున్నారంటే, అమ్మ రాసే ఆ రెండు వరసలనూ మీరు ఎంత ఆపేక్షగా చదువుతారో నాకు తెలిసింది. మీరు పట్టుకోకపోతే ఆ అబద్ధం నా గొంతులోనే ఉండిపోయేది. అందుకు మీకు నేను రుణపడి ఉన్నాను. నన్ను ఈ ఇంట్లో అత్తయ్య దగ్గర వదిలి వెళ్ళినందుకు కూడా. వెళ్ళిన రోజు మిమ్మల్ని తిట్టుకున్నాను. ఇప్పుడు ఆ తిట్లు వెనక్కి తీసుకుంటున్నాను.

జబ్బు పోయిందని అనుకోకండి. చెయ్యి వణుకుతూనే ఉంది. కొన్ని రోజులు కాళ్ళు మాట వింటాయి, కొన్ని రోజులు వినవు. విననిరోజు మా ఇద్దరికీ మాటామాటా వస్తుంది, మళ్ళీ కలిసిపోతాం. టీచరమ్మ ఇప్పుడు ఆరుగురికీ మాట చెప్పే పని నాకే ఇచ్చింది. గోడలతోనేనా అని అడిగారు కదా, ఇప్పుడు పోస్టుమాన్‌ని కూడా గదమాయిస్తున్నాను. గుసగుసమ్మ అనడం మానేశారు. కొత్త పేరేదో పెట్టారట, ఇంకా నా చెవిన పడలేదు.

మీరు వచ్చే నెల దిగుతారు కదా. మిమ్మల్ని చూడగానే అత్తయ్య ఎదురొస్తుంది, గుమ్మం దగ్గర ఆగిపోతుంది. అప్పుడు మీరు లాగొద్దు. పరిగెత్తి ఎత్తుకోవద్దు. పక్కన నిలబడి "తొక్కు, తొక్కు" అనండి. మీకు ఇంజను చప్పుడు అలవాటే, ఆ నిదానంలో చెప్పండి. ఆవిడే దాటుతుంది. దాటాక "దారం తెంపు" అనడం మాత్రం మర్చిపోకండి, లేకపోతే ఇద్దరూ సైకిల్ షాపు దాకా వెళ్ళిపోతారు.

కింద రెండు వరసలు తానే రాస్తానని అత్తయ్య పట్టుబట్టింది. పెద్ద గీతలు గీసి ఇచ్చాను. ఏం రాస్తుందో నన్ను చూడొద్దంది. కవరు కూడా తానే అంటిస్తుందట.

ఇట్లు,
గొంతు దొరికిన మీ ఇల్లాలు

బాబూ, నేను షేమం. వేళకు తిను.
తప్పు చూసి నవ్వకు. మన ఇంట్లో ఇప్పుడు ఇలాగే రాస్తాం.
అమ్మ